చల్లబావులు

ఆ ఏడాదికి అది ఐదో తుఫాను. ఏదో దేశంవాళ్లు దానికి ఒక పువ్వు పేరు పెట్టారు గానీ పలకడం ఎవరికీ చేతకాలేదు. గంగమ్మపేట జాలరి పిల్లల దగ్గర్నుంచి కలెక్టరాఫీసు గుమస్తాల దాకా అందరూ దాన్ని 'ఐదోది' అన్నారు.

తెల్లవారేసరికి కొండరేవు ఓడరేవులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. పదో నంబరంటే ఏమిటో ఆ తీరంలో చదువురాని ముసలమ్మకి కూడా తెలుసు. ఇళ్ల మీద పెంకులుండవు. చెట్లకి తలలుండవు.

ఓడరేవు వెనక కొండ మీద తుఫాను శమన కేంద్రం ఉంది. అందులో పెద్ద తెర ముందు డాక్టర్ స్వర్ణలత కూర్చుంది. నలభై ఎనిమిదేళ్లు. వారం రోజులుగా ఇంటికి వెళ్లలేదు. ఆమెకి భయం వెయ్యడం లేదు. భయపడే ఓపిక నాలుగోదానితోనే అయిపోయింది.

"తెరిచెయ్యనా మేడమ్?" అంది నజీమా. పంపులు చూసే ఇంజనీరు ఆమె.

"తెరువు."

నజీమా మీట తిప్పింది. అక్కడెక్కడో సముద్రం మీద, తుఫాను వచ్చే దారికి అడ్డంగా దండలా పరిచిన పంపులు ఒకటొకటిగా మేలుకున్నాయి. కెరటం లేచినప్పుడల్లా ఒక్కో గుక్క చొప్పున అడుగున ఉన్న చల్లటి నీళ్లని పైకి తోడే పెద్ద పెద్ద గొట్టాలవి. కాగితాల మీద వాటికి బారెడు పేరుంది. వేటకెళ్లే జాలర్లు మాత్రం చల్లబావులన్నారు. ఆ పేరే నిలిచింది.

తుఫానుకి వేడి సముద్రమే పొయ్యి. పొయ్యి చల్లారిస్తే తుఫాను చల్లారుతుంది. స్వర్ణలత ఇరవై ఏళ్ల చదువూ ఉద్యోగమూ ఆ రెండు వాక్యాలే. ఈ ఏడాది వచ్చిన నాలుగు తుఫాన్లూ ఆ దండ దాటేసరికి కాళ్లు విరిగిన ఆబోతుల్లా ఒడ్డుకి చేరాయి. గాలికి ఒక్క ఇల్లు కూలలేదు.

"నాలుగోది చచ్చాక కూడా దిగువ పొలాలన్నీ ముంచింది సార్," అంది ఆమె, వెనకాల నిలబడ్డ డైరెక్టరు కూర్మనాథంతో. "ఆ వాన లెక్క మనం ఇంకా చూడనే లేదు."

కూర్మనాథం మంచివాడు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డవాడు. అలాంటి ప్రశ్నలన్నిటికీ ఆయన దగ్గర ఒకే జవాబుంది.

"గాలి మనది స్వర్ణలతా. వాన వేరే శాఖది."

*

గంగమ్మపేటలో తహసీల్దారు పైడిరాజు గొంతు పోయేలా అరుస్తున్నాడు. స్వర్ణలత భర్త ఆయన. తుఫాను కాలంలో ఆ మొగుడూ పెళ్లాలు ఫోన్లోనే కాపురం చేస్తారు. ఆవిడ కొండ మీద తుఫాన్లని చంపుతుంటే, ఈయన కింద మనుషుల్ని బస్సులెక్కిస్తుంటాడు.

ఆ రోజు అందరూ ఎక్కారు. గరికిన నూకాలమ్మ ఎక్కలేదు. గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటోంది.

"ఏటి బాబూ, మీ ఇంటావిడే గదా ఆ బావులెట్టించినాది? గాలికి ముక్కుతాడు ఏసీసినాది గదా. మరి మమ్మల్నెందుకు తోల్తన్నావు?"

"మా ఆవిడ మాట నేనే వినను నూకాలమ్మా. నువ్వెందుకు వినడం? బస్సెక్కు."

బస్సులోవాళ్లు నవ్వారు. నూకాలమ్మ నవ్వలేదు.

"నాలుగోదానికీ ఇలాగే తోలినావు. నంబరు పది నుంచి మూడుకి దిగిపోనాది. మూడు దినాలు ఆ కాలేజీలో సల్లారిపోయిన పులిహోర తిని ఒచ్చినాం. ఆ పులిహోరకేటి నంబరు లేదా బాబూ?"

"ఈసారి వేడివేడిగా పెట్టిస్తాను. లే."

"మా ముసిలోడు?"

ఆమె మొగుడు పోలయ్య లోపల నులకమంచం మీద ఉన్నాడు. పడవలోంచి పడి నడుం విరిగి ఐదారేళ్లయింది. తలుపు తెరిచి ఉంటే ఆ మంచం మీంచే సముద్రం కనబడుతుంది. పొద్దస్తమానం దాన్నే చూస్తుంటాడు.

"నన్నొగ్గీండి బాబూ," అన్నాడు పోలయ్య. "నానిక్కడే సూసుకుంటా పడుంటాను."

"ఒక్కళ్లు మిగిలినా బస్సు కదలకూడదు. రూలు," అని పైడిరాజు వంగి ఆయన్ని చేతుల మీదికి ఎత్తుకున్నాడు. ఎండుచేపల బుట్టంత బరువు కూడా లేడు. మెత్తటి మనిషి. బస్సు మెట్ల దగ్గర మూలిగాడు తప్ప ఒక్క మాటనలేదు. నూకాలమ్మ వల మడిచి లోపల పడేసి, తలుపు గొళ్లెం పెట్టి వెనకే వచ్చింది.

బస్సులు పడమటికి తిరిగాయి. ఆ తీరంలో ఎన్నో తరాలుగా ఉన్న మాట అది. తుఫానొస్తే సముద్రానికి వీపు పెట్టి నడు. పైడిరాజుకి ఆ మాట చెప్పింది వాళ్ల నాయనమ్మ. తర్వాత ప్రభుత్వం అదే మాటకి పటం గీసి, బాణం గుర్తులు వేసి, ఊరూరా బోర్డులు పాతింది. ఆ బాణాలన్నీ గెడ్డవలస వైపే చూపిస్తాయి. సముద్రానికి ముప్పై కిలోమీటర్ల లోపల, కొండల కింద, తాటిగెడ్డ అనే వాగు ఒడ్డునున్న ఊరది. అక్కడి కాలేజీ మేడ ఎంత గాలికీ కదలదు.

గాలికి.

*

మర్నాడు తెల్లవారుజామున ఐదోది దండ దాటింది. మధ్యాహ్నానికి గాలి సగానికి సగం పడిపోయింది. ఓడరేవులో పదో నంబరు దించేసి మూడో నంబరు పెట్టారు.

కూర్మనాథం మాడుగుల హల్వా డబ్బా తెరిచాడు. ఆయన ఫోను మోగుతూనే ఉంది. అటునుంచి ఎవరెవరో పెద్దలు అభినందిస్తున్నారు. "అంతా మా స్వర్ణలత చలవే సార్," అంటున్నాడు ఆయన, నోట్లో హల్వాతో.

స్వర్ణలత వినడం లేదు. తెర మీద తుఫాను నడిమి కన్ను తీరానికి కొంచెం అవతల, సముద్రం మీదే ఆగి ఉంది. పొద్దున కూడా అక్కడే ఉంది.

"నజీమా, ఇది కదలడం లేదేం?"

"చచ్చిన పాము కదా మేడమ్. ఇంకేం కదులుతుంది. మీరు రెండు ముద్దలు తినండి ముందు." నజీమా గది మూలనున్న కరెంటు కుక్కరు దగ్గరికి వెళ్లింది. పొద్దుటి నుంచీ ఆ కుక్కరులోనే అందరికీ ఉప్మా. స్విచ్చి కట్టేసి చాలాసేపైంది. మూత తియ్యగానే ఆవిరి గుప్పున లేచి పక్కకి వచ్చిన స్వర్ణలత కళ్లద్దాలు కమ్మేసింది.

స్వర్ణలత అద్దాలు తుడుచుకోలేదు. అలాగే నిలబడిపోయింది.

"పొయ్యి కట్టేశావు కదా నజీమా?"

"ఎప్పుడో కట్టేశాను."

"మరి ఈ ఆవిరి?"

"లోపలున్నది లోపలే ఉంటుంది కదా మేడమ్, మూత తీసేదాకా."

ఆమె తెర దగ్గరికి పరుగెత్తింది. గాలి కొలతలన్నీ తీసిపారేసి, ఎవరూ చూడని రెండో పటం తెరిచింది. ఐదోదాని పొట్టలో ఎంత ఆవిరి ఉందో చూపించే పటం. నాలుగోదానికంటే ఎక్కువ. ఆమె చదువుకునే రోజుల్లో వచ్చిన ఏ తుఫానుకంటే అయినా ఎక్కువ. గాలి వేడెక్కిన కొద్దీ ఆవిరిని ఎక్కువ మోస్తుంది. ఏటేటా వేడెక్కుతూ వచ్చిన ఆకాశం చెంబులా ఉన్నదల్లా గుండిగైపోయింది. వాళ్లు ఆ గుండిగ కింద పొయ్యి ఆర్పారు. గుండిగని ఎవరూ వొంచలేదు.

"ఇంకో సంగతి చూడు," అంది నజీమాతో. "తుఫాను బలంగా ఉంటే మబ్బు తల ఎక్కడో పైన ఉంటుంది. అక్కడ పారే పెద్దగాలి దాని జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతుంది. మనం దీన్ని పొట్టిది చేసేశాం. పైగాలికి తల అందడం లేదు. అందుకే నిలబడిపోయింది."

"నిలబడితే?"

"నిలబడ్డచోటే కురుస్తుంది. మొత్తం."

నజీమా వాన చారలు ఎక్కడ వాలుతున్నాయో చూసింది. చూసి నోరు నొక్కుకుంది. "తాటిగెడ్డ కొండల మీద మేడమ్."

కూర్మనాథం ఓడరేవుకి ఫోను చేశాడు. ఇంకేదన్నా హెచ్చరిక ఎగరేయమని అడిగాడు. అటు అధికారి ఓపిగ్గానే చెప్పాడు. "మా దగ్గర గాలికే నంబర్లున్నాయండీ. వానకి లేవు."

ఆయన చేతిలో హల్వా ముక్క చల్లగా డబ్బాలోకి జారింది.

*

"ఏవండీ, ఎక్కడున్నారు?"

"ఎక్కడుంటాను? గెడ్డవలస కాలేజీలో. నీ మూడో నంబరు పుణ్యమాని ఇక్కడ తిరణాలగా ఉంది. ఇళ్లకి పోతామని అందరూ బస్సుల ముందు బైఠాయించారు. నూకాలమ్మయితే నన్ను పేరు పెట్టి పిలుస్తోంది. కదలకూడదని నువ్వే చెప్పు, మైకులో పెడతాను."

స్వర్ణలత తెర మీది వాన చారలు మరోసారి చూసింది.

"పంపించెయ్యండి."

"ఏమిటీ?"

"గంగమ్మపేటకి పంపించెయ్యండి. అందర్నీ. గెడ్డవలస ఊళ్లోవాళ్లని కూడా."

"సముద్రం ఒడ్డుకి? తుఫానులో?" పైడిరాజు గొంతు తగ్గించాడు. "స్వర్ణా, నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

"నిద్ర సంగతి తర్వాత. వాన పడుతోందా అక్కడ?"

"పడుతోంది. మామూలు వానే."

"కొండల మీద మామూలుగా లేదు. ఆ నీళ్లన్నీ చీకటి పడేలోపల మీ దగ్గరికి దిగుతాయి. కాలేజీలో కింది అంతస్తు ఉండదు. బహుశా పై అంతస్తు కూడా. ఇవాళ ఈ జిల్లాలో ఏ భయమూ లేని చోటు సముద్రం ఒడ్డొక్కటే. అక్కడ గాలి లేదు, ఉప్పెన లేదు. బావులు ఆపనంతసేపూ రాదు."

పైడిరాజు వెనకాల బస్సు హారన్లూ పిల్లల ఏడుపులూ వినిపిస్తున్నాయి.

"కలెక్టరుగారికి చెప్పావా?"

"చెప్పాం. పైవాళ్లని అడిగి చెబుతామన్నారు."

"వాళ్లు చెప్పేలోపల గెడ్డ చెబుతుంది." ఆయన నిట్టూర్చాడు. "సరే. నా ఉద్యోగం నువ్వే తీస్తావని మా అమ్మ పెళ్లినాడే అంది. ఒక్కటి మాత్రం విను. నేను ఇంతమందిని తీసుకెళ్లి ఒడ్డున కూర్చోబెడుతున్నాను. ఆ తర్వాత నీకేదన్నా తోచి బావులు ఆపేవు."

"ఆపను."

"ఏం జరిగినా?"

"ఏం జరిగినా."

*

జాలర్లు ఎగిరి గంతేసి బస్సులెక్కారు. చిక్కంతా గెడ్డవలసవాళ్లతోనే వచ్చింది. రైసుమిల్లు యజమాని సత్యంనాయుడు గొడుగు కింద నిలబడి పైడిరాజుని కింద నుంచి పైకి చూశాడు.

"తహసీల్దారుగారు పొద్దున్నే ఏమైనా పుచ్చుకున్నారా? తుఫానంటే సముద్రపోళ్లకి గానీ మనకేటండీ? వాళ్లే మన ఊరొచ్చి తలదాచుకుంటారు. మనం సముద్రం కాడికి ఎల్లడమేటి?"

చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నారు. పైడిరాజు వాన గురించీ గుండిగ గురించీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఆయనకే పూర్తిగా నమ్మకం లేదు, ఇంక వాళ్లేం నమ్ముతారు.

బస్సు మెట్టు మీంచి నూకాలమ్మ కిందికి దిగింది.

"ఏం నాయుడుగారూ, మా ఇళ్లల్లో సేపల వాసనొత్తాదనా?" అని కేకేసింది. "ఇన్నేళ్లూ తుఫానొచ్చినప్పుడల్లా మీ ఊరొచ్చి మీ గంజి తాగినాం. మీ ఆడోళ్లు ఏనాడూ మొకం సిట్లించుకోనేదు. ఓపాలి మా గంజి తాగితే ఏటైపోతాది? వాన పడకపోతే రేపొచ్చి ఈ బాబుని తిట్టుకుందారి. నానూ తిడతాను మీతో."

జనంలో నవ్వులు లేచాయి. నాయుడి భార్య ముందు కదిలింది. పసిపిల్ల తల్లులు కదిలారు. తర్వాత వీధికి వీధే కదిలింది. చివర్న నాయుడు కూడా గొడుగు మడిచి ఎక్కాడు.

బస్సులు చాలలేదు. దించి మళ్లీ రావాలి. నూకాలమ్మ కాలేజీ వరండాలో బల్ల మీద పడుకోబెట్టిన పోలయ్య దగ్గరికి వెళ్లింది. నిన్నటి ప్రయాణానికి ఆయన మొహం పాలిపోయి ఉంది.

"ఈ తొక్కుడులో ఎక్కిస్తే నలిగి సచ్చిపోతాడు బాబూ. ఆకరి బస్సు కాళీగా ఒస్తాది గదా, అందులో పడుకోబెట్టి తెండి. నానెల్లి తలుపులు తీసి పొయ్యి ముట్టించాల, ఇంతమందిని రమ్మన్నాను గదా." ఆమె పైడిరాజు కళ్లలోకి చూసింది. "నువ్వే తీసుకొచ్చినావు. నువ్వే మొయ్యాల."

"నేనే మోస్తాను నూకాలమ్మా. నువ్వెళ్లు."

*

సాయంత్రం కాకుండానే చీకటి పడింది. వాన చప్పుడుకి కంట్రోలు రూములో మాట వినపడటం లేదు. తాటిగెడ్డ మీది కొలత యంత్రం కాసేపు అంకెలు పంపి ఊరుకుంది. కొట్టుకుపోయి ఉంటుంది.

ఫోను మోగింది.

"స్వర్ణా, వంతెన మునిగిపోయింది. ఆఖరి బస్సు అవతలి ఒడ్డునే ఆగిపోయింది." పైడిరాజు గొంతు మామూలుగానే ఉంది. అలిసిపోయినప్పుడు ఆయన గొంతు అలాగే ఉంటుంది. "ఇక్కడ నలభైమందిమి ఉంటాం. రానని మొండికేసినవాళ్లూ, కాళ్లు కదపలేనివాళ్లూ. వరండాలోకి నీళ్లొచ్చేశాయి. పై అంతస్తుకి ఎక్కిస్తున్నాను."

"డాబా మీదికి ఎక్కించండి. పై అంతస్తు వద్దు."

"డాబా మీద వాన కదే."

"తడవనివ్వండి."

అటు ఎవరో అరిచారు. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నట్టున్నాడు. నీళ్ల చప్పుడు, ఆయాసం. మెట్లెక్కుతున్న అడుగులు. "పోలయ్యా, మెడ పట్టుకో. గట్టిగా పట్టుకో," అంటున్నాడు.

కూర్మనాథం స్వర్ణలత పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆపేద్దామమ్మా."

ఆమె తల తిప్పి చూసింది.

"బావులు ఆపితే పక్కనున్న వేడినీళ్లు వచ్చి కమ్ముకుంటాయి. తుఫాను లేస్తుంది. తల పైగాలికి అందుతుంది. రెండు మూడు గంటల్లో ఇక్కణ్ణుంచి వెళ్లిపోతుంది. గెడ్డ మీద వాన ఆగుతుంది. అంతేనా?"

"అంతే సార్."

"నేను రాసిస్తాను. నా ఉత్తర్వు అని రాస్తాను. నీ పేరు ఎక్కడా ఉండదు. నాకింకా ఎంత సర్వీసుందని? మీ ఆయన అక్కడ ఉన్నాడమ్మా."

నజీమా మీట దగ్గర నిలబడి ఉంది. ఏడుస్తోంది, చెయ్యి మాత్రం మీట మీదే ఉంచింది.

స్వర్ణలత తెరకేసి చూసింది. గంగమ్మపేట అందులో ఒక చుక్క. ఆ చుక్కలో ఇప్పుడు రెండు ఊళ్ల జనం ఉన్నారు. పెంకుటిళ్లల్లో, పడవల షెడ్లల్లో, చేపలు ఎండబెట్టే సిమెంటు గట్ల మీద టార్పాలిన్ల కింద. తుఫాను లేచి ఈ ఒడ్డు మీంచే పోతుంది. పదో నంబరు గాలితో, ఉప్పెనతో.

ఫోను ఇంకా కలిసే ఉంది. జేబులోంచి బయటికి వచ్చింది.

"స్వర్ణా. ఆపుతున్నావా ఏంటి?"

"లేదండీ."

"మంచిది. మా రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అక్కణ్ణుంచి వైర్‌లెస్‌లో ఇప్పుడే చెప్పాడు, నూకాలమ్మ ఇంట్లో పాతికమంది పిల్లలున్నారట. నాయుడిగారి చేత పొయ్యి ఊదిస్తోందట." ఆయన నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "ఇక్కడ చలిగా ఉందే. వాన చల్లగా..."

ఫోను ఆగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

"నజీమా, చెయ్యి తియ్యి అక్కణ్ణుంచి," అంది స్వర్ణలత.

నజీమా చెయ్యి తీసింది. స్వర్ణలత కుర్చీ జరుపుకుని మీట ముందు కూర్చుంది. ఎవరూ దాన్ని ముట్టుకోకుండా. ముఖ్యంగా తను ముట్టుకోకుండా, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

*

తెల్లారాక గెడ్డవలసకి సాయం వచ్చింది సముద్రం వైపు నుంచి. గంగమ్మపేట కుర్రాళ్లు పడవల్ని లారీలకెక్కించి నీళ్ల అంచు దాకా తెచ్చి, అక్కణ్ణుంచి వరిచేల మీద మోటారు వేసుకుంటూ వెళ్లారు. మునిగిన కరెంటు తీగల మీంచీ మామిడితోటల మీంచీ వెళ్లారు. కాలేజీలో డాబా ఒక్కటే పైకి కనబడుతోంది. దాని మీద మనుషులు దగ్గరదగ్గరగా, తడిసిన పిట్టల్లా కూర్చుని ఉన్నారు.

పైడిరాజు బతికే ఉన్నాడు. కాలేజీకి రాకుండా దిగువ వీధుల్లో తలుపులేసుకుని ఉండిపోయినవాళ్లలో కొందరు లేరు.

పోలయ్య కూడా లేడు. నీళ్లకి పోలేదు. పైడిరాజు ఆయన్ని డాబా మీదికి మోసుకెళ్లాడు. తన చొక్కా విప్పి కప్పాడు. రాత్రంతా వీపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. తెల్లవారుజామున పోలయ్య చలికి పోయాడు.

"సముద్రం ఎటుంది బాబూ అని అడిగాడు," అని చెప్పాడు పైడిరాజు ఆసుపత్రిలో, దుప్పటి కప్పుకుని. "అటు తిప్పి కూర్చోబెట్టాను. వానకి ఏం కనబడలేదు. అయినా చూస్తూనే ఉన్నాడు."

స్వర్ణలత ఆయన చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అలా కూర్చునే నిద్రపోయారు.

ఆ వారం పేపర్లలో చల్లబావుల గురించి గొప్పగా రాశారు. ఐదోదాని గాలికి జిల్లాలో ఒక్క ఇల్లు కూడా కూలలేదు. గెడ్డవలస గురించి వేరే పేజీలో, వరదల కింద వేశారు. కూర్మనాథం అభినందన సభకి వెళ్లలేదు. గదిలో కూర్చుని వానకి కూడా నంబర్లు ఉండాలని పైకి ఉత్తరం రాశాడు. వాన ఏ శాఖ కిందికి వస్తుందో తెలపాలని జవాబు వచ్చింది.

*

ఆరోది పుట్టిందన్న రోజున స్వర్ణలత గంగమ్మపేట వెళ్లింది. పైడిరాజు కూడా వచ్చాడు. ఎండ కాస్తోంది. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది, లోపల వేడిగా ఉన్నప్పుడు అలాగే ఉంటుంది.

నూకాలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. చేతిలో వల లేదు. లోపల నులకమంచం గోడకి నిలబెట్టి ఉంది.

స్వర్ణలత ఆమె పక్కన అరుగు మీద కూర్చుంది.

"నువ్వేనా ఆ బావులమ్మవి?" అంది నూకాలమ్మ.

"నేనే."

"ఇల్లు సూడమ్మా." ఆమె తలెత్తి కప్పుకేసి చూపించింది. "ఒక్క పెంకు ఎగరనేదు. గోడకి సెమ్మ తగల్నేదు. ముసిలోడు ఆ మంచం మీదే ఉండుంటే సముద్రాన్ని సూసుకుంటా ఉండును." ఆమె గొంతులో కోపం లేదు. అదే స్వర్ణలతకి భరించడం కష్టమైంది. "ఈ బాబు నాకు మాటిచ్చినాడు. మోసినాడు. కడదాకా మోసినాడంట. ఆయన్ననీడానికి ఏట్నేదు."

పైడిరాజు ఇసకకేసి చూస్తున్నాడు.

"తప్పు నాది," అంది స్వర్ణలత.

"ఎవుల్దైతే ఏటమ్మా ఇప్పుడు. పిల్లలు బతికినారు. నాయుడుగారి మనవరాలు ఇక్కడే నా ఒళ్లో పడుకున్నాది." ఆమె చీరకొంగుతో మొహం తుడుచుకుంది. "ఒక్కటి సెప్పు. మా అమ్మ సెప్పినాది, దానమ్మ సెప్పినాది, తుఫానొస్తే సముద్రానికి వీపెట్టి నడవమని. కళ్లు మూసుకుని నడిసీవోళ్లం. ఈపాలి వీపు ఎటెట్టమంటావు?"

స్వర్ణలత సముద్రానికేసి చూసింది. తిరిగి కొండలకేసి చూసింది. బావులు తెరిస్తే కొండల మీద వాన. తెరవకపోతే ఇక్కడ గాలి. సగం తెరిస్తే ఏమవుతుందో ఇంకా ఏ లెక్కా చెప్పలేదు. ఆరోదాని పొట్టలో ఎంత ఆవిరి ఉందో రేపు సాయంత్రానికి గానీ తెలీదు.

"రేపు చెబుతాను నూకాలమ్మా. ఇప్పుడే చెబితే అబద్ధం అవుతుంది."

నూకాలమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత తలూపింది.

"రేపే సెప్పు. మూటలు కట్టుకునే ఉంటాం."

వాళ్లు లేచేసరికి వీధి మొగలో మొదటి బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు. వీధిలో గుమ్మం గుమ్మానికీ ఒక మూట, మూట పక్కన ఒక మనిషి. అందరూ ఆ బస్సు ముందుభాగం ఎటు తిరుగుతుందా అని చూస్తున్నారు.

"బండి ఎటు తిప్పి పెట్టమంటారు సార్?" అని అడిగాడు డ్రైవరు.

పైడిరాజు భార్యకేసి చూశాడు.

"అడ్డంగా పెట్టు," అన్నాడు పైడిరాజు. "ఇంజను కట్టెయ్యకు."